కార్డు మీది పేరు

తిరువూరులో ఒకావిడ మోగుతున్న ఫోను పట్టుకుని, ముందు గదిలో పేపరు చదువుకుంటున్న భర్తకి వినపడకుండా పెరట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"సరోజినీదేవి గారేనా? మీ క్రెడిట్ కార్డు బాకీ ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఇవాళ కట్టకపోతే మీ చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తా."

"నీ పేరేంటి బాబూ?"

"విక్రమ్. నా పేరుతో మీకేం పని?"

ఆ గొంతు ఆవిడకి బాగా తెలిసిందే. వస్తున్న నవ్వు ఆపుకుంది.

"అయితే ముందు రెడ్డిగూడెంలో మా వదినకి చెయ్యి నాయనా. నంబరు చెప్తా, కొట్టుకో."

"చెప్పండి. నాకేం భయమా?"

ఆవిడ అంకెలన్నీ నిదానంగా చెప్పింది. అవతల అంకెలు నొక్కుతున్న చప్పుడు వినపడి, ఆగిపోయింది.

"ఏం నాయనా, కలవలేదా?"

"నంబరు నా సొంత ఫోన్లో కొడుతుంటే 'అమ్మ' అని వస్తోంది. బుజ్జత్తా, నువ్వా?"

"నేనేరా. కార్డు మీద తప్ప నన్ను సరోజినీదేవి అని ఎవరు పిలుస్తారు?"

"అత్తా, నేనీ పని చేస్తున్నట్టు అమ్మకి చెప్పకు. బ్యాంకులో ఆఫీసర్ననుకుంటోంది."

"చెప్పన్లే. నెలనెలా కొంచెం కొంచెం కడతాను, మీ వాళ్లతో మాట్లాడిపెట్టు."

"అలాగే. మావయ్యకి ఓసారి ఫోనివ్వు, పలకరిస్తా."

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"వద్దురా. ఆ కార్డు సంగతి మావయ్యకి తెలీదు."