తెల్లబడ్డ బకిలు

ఉయ్యూరు పక్క పల్లె నుంచి వచ్చిన సంపూర్ణమ్మ, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ భానుచందర్ ఎదుట కూర్చుని ఉంది. బల్ల మీద విరిగిన ప్లాస్టిక్ బకిలు, తాడిచెట్టు ఎక్కేవాళ్ళు నడుం చుట్టూ వేసుకునే మోకుది.

"నాసిరకం కాదమ్మా ఇది."

"కాకపోతే మా ఆయన చెట్టు మీంచి ఎందుకు పడతాడు సార్? నడుం కింద స్పర్శే లేదు. తప్పు కంపెనీదని మీరొక కాయితం రాసిస్తే..."

"రాయలేనమ్మా. మంచి సరుకే. పుటుక్కున విరక్కుండా లోపల రబ్బరు కూడా కలిపారు. ఇలాంటిది లాగుతూ ఉంటే ముందు తెల్లబడుతుంది. చీలేది ఆ తర్వాతే."

"తెల్లబడుద్దా?"

"ఇటు చూడండి. ఈ సగం పాలలా ఉందా? ఇంతమేరా నెలల తరబడి చీలింది. ఆయన చెట్టు మీద వెనక్కి వాలినప్పుడల్లా కొంచెం, కొంచెం. మిగతాది ఆ రోజు ఒక్కసారే పోయింది."

"అది సున్నం సార్. కల్లు పులవకుండా తియ్యగా ఉండాలని ముంతల్లో పూస్తాం. చేతులకీ మోకుకీ అంటుకుంటది."

"సున్నమైతే కడిగితే పోవాలిగా?"

"పోలేదు."

"ఇక్కడ బ్లేడు గీతలున్నాయి. చీలిక మొదలైంది ఈ గీత దగ్గరే. ఎవరు గీకారమ్మా?"

"అయితే కాయితం రాయరన్నమాట."

"ఎవరు గీకారు?"

"నేనే సార్. కడిగితే పోవట్లేదని. ప్రతి ఆదివారం."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు. ఎందుకు విరిగిందో కనుక్కు రమ్మని ఆయనే పంపాడు. ఇంటికెళ్ళి ఏం చెప్పను?"

"మీరు తెలిసి చేసింది కాదు కదమ్మా."

"సార్... ఇలాంటివి రెండు కొన్నాం. ఒకే రోజు."

"రెండోది వాడకండి. ఇంట్లోనే ఉందా?"

"మా మరిది పాండు దగ్గరుంది. వాళ్ళన్న చెట్లు కూడా ఇప్పుడు వాడే ఎక్కి కల్లు గీస్తున్నాడు."

"అదీ గీకారా?"

"రెండూ పక్కపక్కన పెట్టుకునే గీకేదాన్ని సార్."

"అతనికి ఫోన్ చెయ్యండి. ముందు ఫోన్ చెయ్యండమ్మా."

"చేస్తానే ఉన్నాను, మీరు తెల్లబడుద్దన్న కాణ్ణుంచీ. ఒళ్లో పెట్టుకుని నొక్కుతానే ఉన్నాను."

"ఏమంటాడు?"

"మోగుతోంది సార్. ఫోను చెట్టు కింద సైకిలుకి తగిలించి ఎక్కుతాడు వాడు."