మట్టికప్పు టీ, మూడు లినక్సులు

కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైన కోదండం వాట్‌గంజ్ టీ బడ్డీ బల్లమీద కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటుండదు. మనిషి సన్నమే, మాటే వెడల్పు. ఈ శనివారం, బాగుచేయిస్తానని తెచ్చుకున్న చర్చివాళ్ళ పాత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. పాటల బృందాన్ని చూసుకునే మేరీరాణి దానికోసమే వచ్చింది. ఈ బెంగాలీ ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్లలకి తెలుగు చదవడం రాదని, తెలుగు పాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో ఎండాకాలమంతా కూర్చుని అందులో టైపు చేసింది. రేపు చర్చి పండగ. ఈలోగా ప్రింటు తీయాలి.

"కూకో మేరీ, టీ తాగు. దీని సంగతి ఇని ఎల్దువు," అని కోదండం చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించేలా మొదలెట్టాడు.

"నా కాడికొచ్చినప్పుడు దీని పని అయిపోనాదనుకోండి. బొత్తం నొక్కి, కొళాయి కాడ నీళ్ళట్టుకుని, వరసలో ఉన్నోళ్ళతో దెబ్బలాడి తిరిగొచ్చినా కళ్ళు తెరిచీది కాదు. నాకేటి తెల్సు? మౌసు తోక ఎటుంటాదో కూడా తెల్దు. అయినా మనకి సిగ్గెక్కడిది? ఖిదిర్‌పూర్‌లో కంప్యూటర్లు బాగుసేసే బెంగాలీ దాదానడిగితే, పాత మిషను కదా, దాన్ని నడిపించీ సాఫ్ట్‌వేరు మార్చి తేలికపాటి లినక్సు ఎయ్యమని మూడు రకాలు పెన్‌డ్రైవుల్లో ఎట్టిచ్చినాడు. ఏది గొప్పదో తేల్చాల కదా? నాకు గడియారం లేదు. మట్టికప్పుతో టీ ఎట్టుకుని మొదలెట్టినాను. లుబుంటు, కప్పు ఖాళీ అయ్యేసరికి లేచి కూకున్నాది. పప్పీ, టీ ఇంకా మూతి కాలస్తండగానే తయారు. టైనీ కోర్ అయితే, ఒట్టు, టీ సెప్పకముందే లేచిపోనాది."

"టీ లేకపోతే కొలిచిందెలాగ బావా?" అన్నాడు ఎదురుగా నిలబడి టీ తాగుతున్న దుర్గారావు.

"పక్కోడి టీతోటి. ముందు ఇనరా. ఆ తరవాత ఏటైనాదో తెల్సా? నొక్కుదారని ఏలు సాపితే సాలు, తెర ఎలిగిపోయీది. మర్నాడు నాను నిద్దర్లేచేసరికి అది నాకన్నా ముందే లేచి కూకున్నాది. ఎక్కడెగిరిపోద్దోనని మా ఆవిడ మూతమీద పొత్రం ఎట్టినాది. పొత్రం కూడా లేచిపోనాది. దీని ఫ్యాను గాలికి గంగలో లంగరేసిన ఓడ కదిలి డైమండ్ హార్బర్ దాకా ఎలిపోతే, కెప్టెనొచ్చి నా కాళ్ళట్టుకున్నాడు."

"రెండూనా?"

"ఒకటట్టుకుంటే నాను పడిపోనా?"

మేరీరాణి కూడా నవ్వేసింది. "అంత తేలికెలా అయింది చిన్నాన్నా?" అని అడిగింది.

"అక్కడే ఉన్నాది మన పనితనం. ఆఖరికి, వాడుకోడానికి ఇదే సులువని లుబుంటు ఎక్కిస్తంటే అది అడిగినాది, ఉన్నదంతా తీసీమంటావా, ఉన్నది ఉంచి పక్కన ఎక్కించమంటావా అని. ఇన్నేళ్ళు ఈ ఊరి సందులు ఊడ్సినోడ్ని. ఇదుంచుదాం అదుంచుదాం అని ఏరుకుంటా కూకుంటే సందు శుభ్రపడతాదేటి? మొత్తం తీసీమన్నాను."

మేరీరాణి కప్పు కింద పెట్టింది.

"మరి నా పాటలో?"

కోదండం మూత తెరిచి చూపించాడు. లాప్‌టాప్ నిజంగానే తొందరగా లేచింది. లోపల ఒక్క పాట లేదు. ఆమె కళ్ళు నిండాయి. కోదండానికి తన నోరంటే తనకే అసహ్యమేసింది.

"ఏడకమ్మా. దీని స్పీడుకి ఎంతసేపు? నువ్వు పాడు, నాను కొట్టీస్తాను."

ఆమె గొంతు సవరించుకుని మొదటి పాట పల్లవి పాడింది. కోదండం వేలు చాపి మొదటి అక్షరం కోసం వెతుకుతున్నాడు. ఆమె పల్లవి రెండోసారి పాడింది. వేలు ఇంకా గాల్లోనే ఉంది.

దుర్గారావు ఆ వేలికేసి కాసేపు చూశాడు.

"మిషను తయారుగానే ఉన్నాది బావా. నీకే, ఏ లినక్సు ఎయ్యాలో ఆ దాదానడుగు."