సున్నపుబట్టీ బావి పిలుపు

సున్నపుబట్టీ కాడ పాడుబడ్డ బావి ఉంది చూశారా, అదే, రైలుకట్ట దిగంగానే ఎడంచేతి వైపు, చుట్టూ ముళ్లకంప ఏసి ఉంటది, దాని సంగతే చెప్తన్నా, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, నేను గొంతు పెంచలేను. ఆ కంప ఎవరేశారని అడగబాకండి, ఏటా ఎవరో ఒకరు కొత్తది ఏస్తానే ఉంటారు, ఏసినోళ్లు మేం ఏశామని చెప్పుకోరు. మేకలు కూడా అటు పోవు. కొత్తగా మన ఊరొచ్చిన చుట్టాలు ఏమంటారు? అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ ఊరు, ఎవరికీ తొందర లేదు, మధ్యాహ్నమైతే చీమ చిటుక్కుమన్నా వినపడేటట్టుంది, అంటారు. అంటారు మరి, వాళ్లకేం తెలుసు?

మధ్యాహ్నం పూట మన ఊళ్లో పేరు పెట్టి పిలుచుకోరు. మీకు పుట్టినకాణ్నించీ అలవాటు గనక గమనించి ఉండరు. మీ అమ్మ అన్నానికి మిమ్మల్ని ఎట్టా పిలుస్తది? వచ్చి భుజం తట్టుద్ది, లేకపోతే 'ఇదుగో' అంటది. పేరు మాత్రం ఎత్తదు. సాయంత్రం చల్లబడ్డాక ఎంతైనా అరుచుకోండి, ఎవరొద్దన్నారు?

ఆ బట్టీలో ఆదెమ్మని ఒకావిడ పనిచేసేది. గంప నెత్తినెట్టుకుని ఇంటింటికీ తిరిగి సున్నం పోసేది గాబట్టి ఊళ్లో ప్రతి గడపా తెలుసు, ప్రతి పేరూ తెలుసు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కాల్చిన రాళ్లని గుంటలో తడుపుతుంటే, ఆ సున్నం కుతకుతా ఉడికి ఎగిరి రెండు కళ్లల్లోనూ పడింది. ఇంక చూపేముంది? నీళ్ల కోసం చేతులు చాపి తడుముకుంటా కేకలేసింది. ఉత్త కేకలు గాదు, పేర్లు పెట్టి, ఓ పిచ్చమ్మా, ఓ వెంకటసుబ్బయ్యా, ఓ మాలకొండయ్యా అని వరసగా ఇల్లిల్లూ పిలిచింది. అందరూ తిని నడుం వాల్చిన వేళ, అందరికీ వినపడింది, పక్కింటోళ్లు లేస్తార్లే అని వీళ్లూ, వీళ్లు లేస్తార్లే అని పక్కింటోళ్లూ, ఎవరూ లేవలా, ఎండా అట్టాగే ఉంది మరి. ఆవిడ తడుముకుంటా పోయి పోయి బావిలో పడింది. చల్లబడ్డాక పోయి తీశారు.

అప్పట్నించీ మధ్యాహ్నం పూట పిలుస్తది. ఒక పేరు పట్టుకుందంటే వదలదు, ఆ మనిషికి ఇష్టమైనోళ్ల గొంతుతో పిలుస్తది, పలికారా, కాళ్లు వాటంతటవే బావి దారి పడతాయి. ఊరు మారినా లాభం లేదు, పిలుపు వెనకాలే వచ్చిద్ది. దానికి ఒక్కటే విరుగుడు ఉంది, అది చెప్పుకోవటానికే సిగ్గుపడాలి. బావి కాడికి పోయి, ఆ పేరు ఒదిలెయ్, బదులు ఈ పేరు తీసుకో, అని ఇంకో మనిషి పేరు చెప్పాలి. ఆ మనిషి మన ఇంట్లో కూర్చుని మన చేత్తో పెట్టిన అన్నం తిని ఉండాలి. అంతే.

ఇప్పుడు సౌభాగ్యం సంగతికొస్తా. సైకిలు షాపు చెన్నకేశవులు పెళ్లాం. పెళ్లికి ముందు చీరాల వైపు పొగాకు గ్రేడింగుకి పోయేది, అక్కడ పక్కన కూర్చుని ఆకు ఏరేది దానమ్మ. వీళ్లిద్దరూ ఎట్టాంటి స్నేహితులంటే, ఒకే గ్లాసులో టీ తాగేవాళ్లు. ఆ రోజుల్లో దానమ్మ వాళ్ల కులపోళ్లకి టీ కొట్టుకాడ గ్లాసు వేరే ఉండేది, సౌభాగ్యం ఆ వేరే గ్లాసులోనే తనూ తాగేది, దానమ్మ ఇంట్లో కూర్చుని ఆమె చేత్తో పెట్టిన ఎండుచేపల కూరన్నం తినేది, ఎవరేమన్నా అననీ అని. పొగాకు ఘాటుకి దానమ్మ కళ్లు తిరిగి పడిపోతే ఒళ్లో తల పెట్టుకుని విసిరిన మనిషి. సౌభాగ్యం పెళ్లయి ఈ ఊరొచ్చేసింది. దానమ్మకి మొగుడు పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ జ్వరమొచ్చి పోయాడు, ఆమె ఒక్కతే అక్కడ ఆకు ఏరుకుంటా ఉండిపోయింది. ఏళ్లు గడిచినాయి, కబురూ లేదు, కాకరకాయా లేదు.

ఆ యేడు ఎండలు ముదిరాక, సౌభాగ్యం కూతురు మంగని బావి పిలవటం మొదలెట్టింది. పసిపిల్ల, బడికి పోయే పిల్ల. ఒకసారి గుమ్మం దాటి పరిగెత్తి, రైలుకట్ట దాకా పోతే జడ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. అమ్మమ్మగారి ఊరు తీసుకుపోయారు, అక్కడా పెరట్లోకొచ్చి పిలిచింది. ఇంక చెన్నకేశవులు అన్నం మానేసి కూర్చున్నాడు. సౌభాగ్యం మాత్రం ఒక రోజంతా ఎవరితో మాట్లాడకుండా ఆలోచించి, చీరాల పోయే బస్సు కండక్టరుతో చెప్పి పంపింది, దానమ్మని ఒకసారి రమ్మన్నానని, చూడాలని ప్రాణం కొట్టుకుంటుందని.

దానమ్మ ఎగురుకుంటా వచ్చింది. నన్ను రమ్మనే మనిషి కూడా ఒకరున్నారా అని, ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని, సౌభాగ్యానికి ఇష్టమని ఎండు నెత్తళ్ల చేపలు మూట కట్టుకుని బస్సు దిగింది. దిగంగానే ఊరు చూసి ముచ్చటపడింది. అరుపుల్లేవు, బళ్ల రొద లేదు, షాపులోళ్లు కూడా ఏం కావాలని కళ్లతోనే అడుగుతున్నారు. జీవితంలో ఇట్టాంటి చోట ఉండాలి గదా అనుకుంది పిచ్చిది.

సౌభాగ్యం ఎదురొచ్చి వాటేసుకుంది. దానమ్మ అలవాటు కొద్దీ వాకిట్లో కూర్చోబోతే, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, వంటింటి పక్కన పీట ఏసి, మెరిసే స్టీలు పళ్లెంలో తన చేత్తో వడ్డించింది. గోంగూర పచ్చడి, నెయ్యి, గడ్డ పెరుగు. ఇంకాస్త, ఇంకాస్త, అని. ఆ ఇంట్లో ఆ చోట దానమ్మ కులం మనిషి కూర్చుని తినటం అదే మొదలు. దానమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ముద్ద దిగటంలేదే సౌభాగ్యం, నన్నింత గొప్ప చేశావు, అంది. సౌభాగ్యం పెరుగు గిన్నె వంక చూస్తా, తిను, అంది. చెన్నకేశవులు మాత్రం ఆమె మొహం వంక చూడలా, పిల్ల చెవుల్లో దూది కుక్కుతా కూర్చున్నాడు. చెవిపోటు అని చెప్పారు.

తిని, ముగ్గురూ ఆకూ వక్కా ఏసుకుంటా ఉంటే పెరటి వైపు నుంచి 'మంగా' అని వినపడింది. సౌభాగ్యం గొంతే. దానమ్మ తల తిప్పి చూస్తే సౌభాగ్యం నోటినిండా తమలపాకు, పెదాలు కదల్లేదు. నిన్నెవరో వెక్కిరిస్తన్నారే, అంది దానమ్మ నవ్వుతా. గాలి చప్పుడులే, అంది సౌభాగ్యం. పిలుపు చాలాసేపు తిరిగింది ఇంటి చుట్టూ.

మర్నాడు పొద్దున సౌభాగ్యం నీళ్లకని బిందె తీసుకుని పోయి, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. దానమ్మ మంగకి జడ ఏస్తా ఉంది. పిల్ల దూది తీసేసి హాయిగా ఉంది.

"పెద్దమ్మా, ఇంక నన్ను పిలవదంట."

"ఎవరే?"

"బావిలో ఆమె. అమ్మ నీ పేరు చెప్పొచ్చిందిగా. ఇప్పుడు నిన్ను పిలుస్తది. నువ్వు పలకబాక పెద్దమ్మా, పలికితే పోతారంట."

దానమ్మ నవ్వి, రిబ్బను ముడేసింది. పిల్లలు ఏవో అంటారు గదా. కానీ ఆ ముక్క ఎక్కడో గుచ్చుకుంది. సౌభాగ్యం మొహం చూద్దామంటే పొద్దుటి నుంచీ అటు తిరిగే పని చేసుకుంటా ఉంది.

మధ్యాహ్నమైంది. తిన్నారు. పడుకున్నారు. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. దానమ్మ, సౌభాగ్యం ఒక చాప మీద పక్కపక్కనే, మునుపు పొగాకు గోడౌనులో పడుకున్నట్టే. అప్పుడు వినపడింది. 'దానీ' అని. దానీ అని ఆమెని ఈ లోకంలో పిలిచేది ఒక్కరే, ఆ ఒక్కరూ పక్కనే పడుకుని ఉన్నారు.

దానమ్మ మెల్లగా ఆ వైపు తిరిగి, "సౌభాగ్యం, నువ్వా పిలిచింది?" అంది.

సౌభాగ్యం కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయే మనిషి రెప్పలు అట్టా వణకవు.

"నువ్వు గాదని ఒక్క మాట చెప్పవే. అబద్ధమైనా చెప్పు."

రెప్పల కింద నుంచి నీళ్లు కారి చెవిలోకి పోతున్నాయి గానీ నోరు విప్పలా. దానమ్మ భుజం పట్టుకుని కుదిపింది. బతిమాలింది. గోడవారగా పడుకున్న చెన్నకేశవులు అటు తిరిగే, ఆమెకెవరూ లేరు గదా, అందుకే ఆమె పేరు, అన్నాడు. ఎవరితో చెప్తున్నాడో తెలియకుండా, గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఎవరూ లేరు గదా. ఆ మాట విన్నాక దానమ్మ ఇంక సౌభాగ్యాన్ని కుదపలా. లేచి, సంచీ తీసుకుని బయటపడింది.

బస్సు ఆగే చోటికి పోవాలంటే రైలుకట్ట దాటాలి, మీకు తెలిసిందే. నెత్తిన సూర్యుడు, కింద నీడ కూడా లేదు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిలుపు పక్కనే నడుస్తా ఉంది. మొదట సౌభాగ్యం గొంతు, తర్వాత చచ్చిపోయిన వాళ్లమ్మ గొంతు, ఆ తర్వాత పోయిన కొడుకు గొంతు, వాడికి అమ్మ పేరు పెట్టి పిలిచి ఆటపట్టించే అలవాటు ఉండేదంట, ఆ నవ్వుతో సహా. దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పలకలా. పలకలేదు గానీ, కొడుకు గొంతు విన్నాక ఏ తల్లి కాళ్లు మాట వింటాయి చెప్పండి? సంచీ ఎక్కడ పడిపోయిందో తెలీదు, అరికాళ్లల్లో ముళ్లు దిగబడినప్పుడు చూసుకుంటే బావి ఒడ్డున ఉంది. లోపల నీళ్లు పాలల్లే తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపులోంచి ఒక మొహం పైకి చూస్తా ఉంది, కళ్లుండే చోట సున్నపు ముద్దలు.

ప్రాణభయంతో ఉన్న మనిషి నోటికి ఏ పేరొస్తది? కొంగు జారిపోయింది, గొంతు చించుకుని, "సౌభాగ్యం!" అని అరిచింది దానమ్మ.

పిలుపు ఆగిపోయింది. ఊరంతా ఒక్క క్షణం, అసలు ఏ చప్పుడూ లేదు. దానమ్మకి కాళ్లు స్వాధీనంలోకొచ్చినాయి. అప్పుడు, ఎదురుగా బావిలోంచి, అచ్చం దానమ్మ గొంతుతోనే, సౌభాగ్యం, అని ఎంతో ప్రేమగా వినపడింది.

అక్కడ చాప మీద పడుకున్న సౌభాగ్యం లేచి కూర్చుందంట. పక్కన పడుకుని అంతసేపు బతిమాలితే పలకని మనిషి, ఇప్పుడు మనసు ఆగలేదు. "వస్తన్నా దానీ, వస్తన్నా, పడబాక" అని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. మొగుడు పట్టుకోబోతే కొరికింది. దానమ్మ ఒడ్డు మీద చేతులడ్డం పెట్టి, నేనిక్కడున్నానే, ఇటు చూడవే, అని అరుస్తానే ఉంది, సౌభాగ్యం ఆమె పక్కనుంచే పోయింది, భుజం భుజం రాసుకుంది కూడా, మొహం వంక చూడలా. బావిలోకి రెండు చేతులూ చాపి, పిల్లని ఎత్తుకోబోయినట్టు వంగి, అట్టాగే పోయింది. దానమ్మ చేతిలో ఇంత చీర కుచ్చెళ్ల ముక్క మిగిలింది.

దానమ్మ తలుపులు బాదింది. ప్రతి ఇంటి తలుపూ. మనిషి పడిపోయింది, తాడు తీసుకుని రండి, అని. లోపల మంచాలు కిర్రుమన్నాయి, అంతే. ఎవరూ రాలా. చల్లబడ్డాక వచ్చి తీశారు. కళ్లు తెరిచే ఉన్నాయి, రెండిట్లోనూ సున్నం. చెన్నకేశవులు దానమ్మతో అన్న మాట ఒక్కటే, ఆఖరి బస్సు ఉంది, ఎక్కు, అని. మంగ అప్పుడే నిద్ర లేచి వచ్చి, అమ్మేది పెద్దమ్మా, అని అడిగింది. నేను తీసుకుపోయి పెంచుకుంటానని దానమ్మ అంటే వాళ్ల నాన్న ఒప్పుకోలా.

చాలా ఏళ్ల తర్వాత దానమ్మ ముసలిదై, మంగని చూసుకుందామని ఒకసారి బస్సు దిగింది. మంగ అప్పటికి కాపరానికెళ్లింది. బస్సు కోసం నా పక్కన చప్టా మీద కూర్చుని ఇదంతా చెప్పింది. నేనడిగా, నువ్వు సాయానికి పిలిచావా, ఆమె పేరు బావికిచ్చావా, అని. ఆమె, కొన్ని రోజులు ఒకటి నిజమనిపిస్తది, కొన్ని రోజులు రెండోది, అంది. అని బస్సెక్కింది.

అదీ సంగతి. ఇంక లేవండి, అన్నాలకి పొద్దుపోతా ఉంది. మధ్యాహ్నం పూట ఆ కట్ట దిగి ఎడం చేతి వైపు పోబాకండి. నా మాట వినకుండా పోయారనుకో, పడ్డాక మాత్రం అరిచి గొంతు నొప్పి తెచ్చుకోబాకండి, ఆ వేళప్పుడు ఈ ఊళ్లో ఎవరూ లేవరు.