థర్మన్ కనుబొమ్మలు

నవ్వు హాలిస్, నవ్వు. ఊళ్లో తుపాకులు బాగుచేసేది నువ్వు. చర్చి తలుపు దగ్గర తుపాకీతో కాపలా ఎవరు కాయాలో తేల్చేదీ నువ్వే. నీకు కాక ఇంకెవరికుంది నవ్వే హక్కు? కాని నాయనా, కాస్త పక్కకి తిరిగి నవ్వు.

అవును, ఈ కనుబొమ్మలు పెన్సిల్‌తో గీసినవే. మా ఆవిడ ఒడెస్సా పెన్సిల్. ఎడమది పైకి పోయింది, నాకు తెలుసు. తన గీతలు అలాగే ఉంటాయి. మా వంటింటి గోడ మీద వేసిన కోడిపుంజుని చూసి వచ్చినవాళ్లంతా కుందేలంటారు.

ఆదివారం ఏమైంది? ప్రసంగమంతా పాస్టరుగారు నాకేసే చూశారు. ఆయన చెప్పేదొక్కటీ నమ్మనట్టుంది కదా నా మొహం! బయటికొస్తుంటే భుజం పట్టుకుని, "బ్రదర్ థర్మన్, మీ సందేహాలేవైనా ఉంటే ఇంటికొచ్చి మాట్లాడండి" అన్నారు. ఈ టెనెసీ కొండల్లో, చర్చి నీడన పుట్టి పెరిగినవాణ్ణి, నాకా సందేహాలు!

సరే, రివాల్వర్ సంగతి. ఇదుగో. ఈ చిల్లులు నాకొద్దు.

పెట్టమన్నది నేనే. కాదన్నానా? కాని గొట్టం చివర పైభాగాన చిల్లులు పెడితే మంట పైకి చిమ్ముతుంది, ఆ తోపుకి తుపాకీ మూతి ఎగరకుండా అణిగి ఉంటుంది అని ఈ బల్ల మీదే బొమ్మ గీసి చూపించిందెవరు? నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణాయె. ఇన్నాళ్లకి ఒక పాఠం పనికొచ్చిందని మురిసిపోయాను.

అబద్ధమెందుకు, పనిచేసింది కూడా. మా కొట్టం వెనక చేతులు బారుగా చాపి కాల్చానా, తుపాకీ ఎక్కడా ఎగిరిపడలేదు. ఇంక క్లోవిస్ ఏడ్చి చావాలి అనుకున్నాను. వాడు నాకు బావమరిదే, అయినా చెప్తున్నాను. కాపలావాళ్లకి నువ్వు పెట్టే కాల్పుల పరీక్షలో నేనెప్పుడు తప్పుతానా, చర్చి తలుపు దగ్గర నేను కూర్చునే స్టూలు తనకెప్పుడొస్తుందా అని ఏటా చూస్తున్నాడు.

కాని హాలిస్, మీదపడేవాడు మనం చేతులు చాపేదాకా ఆగుతాడా? నీ పరీక్షలోనే ఉంది కదా, అట్టమనిషి చేతికందేంత దగ్గర నుంచుని, మోచెయ్యి డొక్కకి ఆనించి కాల్చాలని. పరీక్షలో అలాగే ఆనించాను. కాల్చాను. మంట పైకి వెళ్లింది. నీ బొమ్మలో ఉన్నట్టే, భేషుగ్గా వెళ్లింది. పైన ఏముంది? నా మొహం! నీ బొమ్మలో మనిషికి మొహం గీయలేదు కదయ్యా!

కళ్లజోడుండబట్టి కళ్లు దక్కాయి, కనుబొమ్మలే మాడిపోయాయి. క్లోవిస్ ముక్కెగరేసి, "బావా, ఎవరి పొయ్యి మీదో పంది మాడుతోంది" అన్నాడు. చెవుల్లో ఇప్పటికీ ఈలే. ఇదే మా ఇంట్లో చీకట్లో జరిగితే? ఆ మంట వెలుగుకి కళ్లు కనపడక, దొంగే నా చెయ్యి పట్టుకుని మంచం దాకా దింపి పోవాల్సొచ్చేది!

పందాల్లో కాల్చే పెద్ద తుపాకులకి పెట్టుకోమను, కాదనను. జేబులో పెట్టుకు తిరిగే బుల్లిదానికి ఎందుకయ్యా? దీంతో కాల్చాల్సొస్తే కౌగిలింత దూరంలోనే కదా కాల్చేది!

పూడ్చెయ్. కుదరదా? గొట్టమే మార్చాలా? అయితే మార్చు. మార్చాక మళ్లీ పరీక్ష పెడతావు కదూ?

పెట్టవా?

ఏమిటి, నా మొహం వదిలేసి చేతులకేసి చూస్తున్నావు?

...ఆ కాఫీ కప్పు అలా పెట్టు. నేను పట్టుకుంటే బల్ల మీద టకటకలాడుతోంది.

సరే విను. ఇది తుపాకీ వెనక్కి తన్నడం వల్ల వచ్చిన తంటా కాదు. అది పేలకముందే చెయ్యి ఊగుతోంది. చలికాలం నుంచీ ఇంతే. చిల్లులు పెడితే ఆగుతుందనుకున్నాను. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, ఎలా అనుకున్నానో చూడు!

ఒడెస్సా గీసింది కుడి కనుబొమ్మ. చూడు, ఎంత తిన్నగా ఉందో. ఎడమది నేనే గీసుకుంటానని పెన్సిల్ లాక్కున్నాను.

క్లోవిస్‌కి ఇచ్చెయ్ ఆ స్టూలు. అది ఎత్తు. వాడు పొట్టి, కాళ్లు నేలకి ఆనవు. ముందే చెప్పకు, కూర్చున్నాక వాడికే తెలుస్తుంది.