మట్టిపట్టీలో బెల్లంముక్క

"తాతా, మొన్న విశాఖపట్నంలో స్పాకెళ్ళేనన్నాను కదా. ఒళ్ళంతా మట్టి పూసేరు, ఆవిరి పట్టేరు, మసాజ్ చేసేరు. ఇలాటివి నీకేమైనా తెలుసా?"

నాకా? నాకు తెలుసా అని నన్నడుగుతన్నావా? ఓలమ్మో! ఒలే బుల్లీ, నాను సెప్తే నువ్వు నమ్మవే. మన సోడవరం ఇనాయకుడి మీదొట్టు, ఒక్క ముక్కా నమ్మవు. నమ్మవని ముందే ఒట్టేసి మరీ సెప్తన్నాను. ఆ ఫోనిలగ దగ్గరగా ఎట్టు. పడతందా గొంతు? ఆఁ.

మీరు ఏసీ గదిలో మెత్తటి తువ్వాలేసుకుని పూయించుకున్నారు గావాల. నాను సారదా నది గట్టున, మండుటెండలో, అరిటాకుల్లో సుట్టించుకుని... ఉండుండు. ముందునించీ సెప్పకపోతే నీకర్దం గాదు.

అప్పటికి నాకు ఇరవై, ఇరవై రెండు. మా పెద్దన్నయ్యకి రెండో గుంటడు పుట్టిన ఏడు... కాదు కాదు, మూడోవోడు. స్వతంత్రమొచ్చి ఏడెనిమిదేల్లయ్యిందనుకో. అణాకి రెండు ఇడ్లీలూ, గిన్నెడు సెట్నీ ఇచ్చీవోరు. సెట్నీ మల్లీ మల్లీ అడిగినా తిట్టీవోరు కాదు. అదలగుంచు.

రోలుగుంట నించి సెరుకు బండి తోలుకొస్తన్నాను, మా గానుగ కాడికి. అప్పుడు మాకు పంచదార ఫేక్టరీ ఎక్కడిదే, ఎవల బెల్లం ఆలమే ఒండుకునీవోల్లం. దారిలో కాలవకి గండిపడి అంతా బురద. బండి ఇరుసు దాకా దిగిపోనాది. ఎడ్లు కూలబడిపోనాయి. ఎనకాల మరో ఇరవై బల్లు ఆగిపోనాయి. సరే, నమ్మకపోతే పదే ఏసుకో. నానేటి సేసేను? ఎనక్కెల్లి, బుజమానించి, ఒక్క ఊపు! బండెల్లి అవతల గట్టు మీద పడింది. ఎడ్లతో సహా! నవ్వకే. ఎడ్లు ఎనక్కి తిరిగి, 'ఈడుండగా మనమెందుకిక్కడ' అన్నట్టు సూసేయి.

బండైతే లేసింది. నా నడుం మాత్రం 'టప్' మన్నాది.

అంతే. ఇంకొంగితే ఒట్టు. నడుస్తాను, పడుకుంతాను, కూలోల్ల మీద కేకలేస్తాను, ఒంగడం మాత్రం నేదు. సేతిలో బీడీ జారి కింద పడితే, దాని సుట్టూ ఓపాలి తిరిగి, 'పోనీ, బతికిపో' అని వొదిలీసీవోన్ని. ఊర్లో కుర్రోల్లు పందిరిగుంజ అని పేరెట్టేరు. నానేటి తక్కువా? 'ఒరే, నానెవడి ముందూ ఒంగనురా' అని మీసం దువ్వీవోన్ని.

ఒచ్చిన సిక్కల్లా మీ మామ్మతోటే. మా మేనమామ కూతురే కదా అది, ఆలది దేవరాపల్లి. మాకు మాటయిపోయింది, లగ్గం ఎట్టీసేరు. ఇంతట్లో మా మావకి నా నడుం సంగతి సెవినపడింది. ఓనాడొచ్చేడు. అరుగు మీద కూకున్నాడు, మజ్జిగ తాగేడు, సెరుకు పంటెలగుందన్నాడు. మాటాడుతూ మాటాడుతూ, బుజమ్మీది కండవా జారిపోయినట్టు కింద పడీసి, "తియ్యరా అల్లుడా" అన్నాడు.

నాను కండవా కేసి సూసేను. కండవా నాకేసి సూసింది.

"మావా, కలెక్టరొచ్చినా ఒంగను నాను" అన్నాను.

మావ తనే ఒంగి తీసుకుని, దులుపుకుని, బండెక్కీసేడు.

మా అమ్మకి గాబరా. సర్దిసెప్దారని దేవరాపల్లెల్లింది. మా మావ ఏటీ అన్లేదు. మీ మామ్మ అంది. పదారేల్ల గుంట, అప్పుడే నోరు సూడు: "అత్తా, తాళంటే నిలబడి కట్టీవొచ్చు. సన్నికల్లు మీద నా కాలెట్టి మెట్టె తొడగాలంటే ఒంగాలి కదా? ఒంగలేకపోతే ఇప్పుడే సెప్పీమను. అనకాపల్లి బెల్లం మండీలో గుమాస్తా ఒకడు మా ఊరు తిరుగుతన్నాడు. తెల్లారితే ఒంగుని లెక్కలు రాసుకునీవోడు. ఆడికి ఒంగడం బాగా అలవాటు."

ఇన్నావా? అదీ లెక్క. ఒంగితే మీ మామ్మ నూకరత్నం నాది. ఒంగకపోతే గుమాస్తాది. పెల్లికి నెల్లాల్లు గట్టిగా నేవు.

("ఏటా అబద్దాలు గుంటకి! నానలగనలేదు!")

అదిగో, మీ మామ్మ ఇంటంది లోపల్నించి. అందే, మా అమ్మ బతికుంటే సెప్పీది. నువ్వాపకు, రాసుకోనీ ఆ ఫోన్ని.

ఆకు పసర్లు రాసేం, ఆందం నూనె కాసి పట్టించేం, దిష్టి తీయించేం. ఏటీ పన్జెయ్యనేదు. అప్పుడెవలో సెప్పేరు, నది గట్టున ప్రకృతి ఆశ్రమమని ఒకటెట్టేరు, మందుల్లేకండా నయం సేస్తారని. మట్టి, నీల్లు, ఎండ, మాలీసు, అంతే. మా ఎద్దుకి మేం రోజూ సేసీది అదే. దాన్నెవలూ ఆశ్రమమనీవోరు కాదు.

ఆశ్రమం గురువుగారు ఒకాయన. సెరుకు పిప్పిలాగుండీవోడు. సూస్తే ముందీయనకి నాలుగు ముద్దలెట్టాలనిపించీది. గేటు కాడే సంచీ సోదా. బీడీలు తీసీసుకున్నాడు. గోంగూర పచ్చడి జాడీ తీసీసుకున్నాడు. "ఉప్పు విషం నాయనా, కారం విషం, పంచదార విషం, బెల్లం దానికి అన్నగారు" అన్నాడు. బెల్లాన్ని! సోడవరం మనిసి ముందు నిలబడి! ఇంకెవడన్నా అయితే గానుగలో ఏసి ఆడించీవోన్ని. నడుం నాది కదా, నోర్మూసుకున్నాను.

మా అమ్మ మాత్రం తక్కువదా? పిడికిడంత బెల్లంముక్క గుడ్డలో కట్టి నా మొలకి బిగించీసింది. ఆ సోదాలో అది దొరకనేదు.

ఇంక సూడు బోగం. తెల్లారకముందే లేపీవోరు. సల్లటి నీల్ల తొట్టిలో కూకోబెట్టీవోరు, నడుం మటుకే మునగాల. నాను కూకోలేను కదా, నిలబెట్టి కడవలతో పోసీవోరు. అదయ్యేక ఆవిరి. సెక్కపెట్టె ఒకటి, దానికో కంత. పెట్టెలో మనిసి, కంతలోంచి తల. పక్కన నాలుగు పెట్టెలు, నాలుగు తలలు. సంతలో గుమ్మడికాయలు బేరానికెట్టినట్టు. నాకు సెమటెంత పట్టీదంటే, పెట్టె కిందనించి కాలవ కట్టి కింద మడికి పారించుకున్నారు. ఆ ఏడు ఆ మడిలో ఉప్పగా పండింది ఒరి.

మాలీసు సేసీవోడు ఒకడు, అరిసెల పిండి దంచినట్టు దంచీవోడు. నన్నొంచుదారని ఇటు తోసి అటు తోసి, ఆకరికి ఆడి నడుమే పట్టీసింది. ఆడికి నాను రాసేనే నూనె! ఇంకొకటుంది, రబ్బరు గొట్టంతో... అది వొద్దులే, ఆడపిల్లవి.

అంతా అయ్యేక తిండేటో తెలుసా? నిమ్మకాయ పిండిన నీల్లు. ఉప్పు నేదు, తీపి నేదు. నా పక్క మంచమ్మీద బుగతొకాయన, బూములున్న ఆసామి, రోలుగుంట వేపునించి ఒల్లు తగ్గించుకుందారని ఒచ్చేడు. కాలు మీద కాలేసుకుని పది మందికి పనులు సెప్పీవోడు, అక్కడ ఎదర గోడ మీద బల్లి పురుగుని మింగుతుంటే గుటకలేసీవోడు. "ఒరే సూరీ, దాని బతుకు బాగుందిరా" అనీవోడు నాతోటి.

పది దినాలయ్యిందో, పన్నెండో. పొట్ట ఎన్నుకి అంటుకుపోనాది. నడుం మాత్రం ఎక్కడిదక్కడే. ఇంతట్లో మా ఊరోడొకడు గేటు కాడ కనపడి, "ఒరే, మీ మావింటికి గుమాస్తా ఆలోల్లు అరటిపల్లు పట్టుకెల్లేర్రా" అన్నాడు. నా గుండెలో రాయి పడింది. బయటకి మాత్రం, "ఎల్లనీ, మావకి అరటిపల్లంటే ఇష్టం" అన్నాను.

ఆ రోజే బెల్లంముక్కకీ గండమొచ్చింది. అప్పటిదాకా పైకప్పు తాటాకుల్లో దాసీవోన్ని, రోజుకోపాలి నాకి మల్లీ దాసీవోన్ని. ఎలకలు పసిగట్టీసేయి. పక్కల కింద గురువుగారు ఎతికిస్తన్నాడు. ఎక్కడ దాస్తాం? అప్పుడొచ్చింది నాకు బుర్ర. మట్టిలో ఎవడెతుకుతాడే? నాకేసీ మట్టిలోనే, పొట్ట మీద ఏసీ ముద్దలో బెల్లంముక్క కూరీసేను. పక్కనెవలూ లేనప్పుడు నోట్లో ఏసుకోవొచ్చు కదా అని.

ఏసేరు మట్టి. మెడ కాన్నించి మోకాల దాకా. దాని మీద తడిగుడ్డ, దాని మీద అరిటాకులు, దాని మీద నారతో కట్లు. కట్టీసి ఎండలో సాప మీద పడీసి ఎల్లిపోనారు. అప్పుడు తెలిసింది. సేతులు లోపలున్నాయి, బెల్లం లోపలున్నాది, నోరొక్కటే బయటున్నాది.

పక్కన బుగత, ఆయనా నాలాగే మూట. ఎండెక్కింది. బెల్లం కరగడం మొదలెట్టింది. బుగత ముక్కెగరేసేడు.

"ఒరే సూరీ, ఎవడో బెల్లంపేనం దించినట్టున్నాడ్రా. పాకం వాసన."

"లేదు బావూ, మీ ఆకలి."

"నా ఆకలికి బెల్లం వాసనుండదురా, నాటుకోడి వాసనుంటాది. నీ కాడినించే ఒస్తంది. సగం ఎట్రా. నీకు దన్నమెడతాను."

"మీకు దన్నమెట్టడానికి సేతులేయి బావూ? నాకు తియ్యడానికి సేతులేయి?"

ఇద్దరం మూటలం, మొకాలు సూసుకుని ఏడుస్తన్నాం. అప్పుడొచ్చేయి, గండుసీమలు. ఆ మట్టెక్కడిదనుకున్నావు? పుట్టమన్ను! నీటుగా పుట్ట తవ్వి తెచ్చి నానబెట్టీవోరు. మరి సీమల తప్పేటుందే? ఆటి ఇల్లు పట్టుకొచ్చి నా పొట్ట మీద కట్టేరు, లోపల బెల్లం కూడా ఎట్టేరు. గృహప్రవేశానికొచ్చేయి. సుట్టాలతో సహా.

మొదటిది బొడ్డు కాడ కుట్టింది. రెండోది... అది వొద్దులే. మూడోది కుట్టేసరికి నాను లేసేను. నార కట్లు పటపటా తెగిపోనాయి. బుగత మీదనించి గెంతేను, కంచె మీదనించి గెంతేను, కంచవతల మేస్తన్న గేది మీదనించి గెంతేను. తిన్నగా ఎల్లి సారదా నదిలో పడ్డాను. అరిటాకులు తేలతన్నాయి, నాను నీల్లలో కూకుని కాల్లూ పిక్కలూ రుద్దుకుంతన్నాను, పాదాలు రుద్దుకుంతన్నాను...

ఆగేను. పాదాలు? నా సేతులు నా పాదాల కాడికెలగెల్లేయి?

ఒంగేనే! ఒంగి, లేసి, మల్లీ ఒంగేను. నదికి దన్నమెట్టేను, గట్టుకెట్టేను, ఆ గేదికీ ఎట్టేను. గురువుగారు పరిగెత్తుకొచ్చేడు, కల్లంట నీల్లు. "సూసేరా! సూసేరా మట్టి మహత్యం!" అని అందర్నీ పిలిసి నన్ను సూపించేడు. నానేటంటాను? మట్టి కాదయ్యా, మీ విషానికి అన్నగారు, ఆ బెల్లం, అననా? ఆయనకీ ఒంగి దన్నమెట్టేను. ఆయన మంచోడే, పాపం. బుగతొక్కడే మెల్లిగా నా సెవిలో, "ఒరే, రేపు నాకూ ఆ మట్టే ఏయించరా. సీమల్లేకండా" అన్నాడు.

మర్నాడే దేవరాపల్లెల్లేను. మావ అరుగు మీదున్నాడు. నానే ఆయన బుజమ్మీద కండవా లాగి కింద పడీసేను. ఒంగి తీసేను. మడతెట్టేను. మల్లీ పడీసి మల్లీ తీసేను. "సాల్రా, మాసిపోతంది" అన్నాడు మావ. తలుపెనకాల గాజులు గలగలమన్నాయి. గుమాస్తా అరటిపల్లు ఇంకా ఉన్నాయి, రెండు తినే ఒచ్చేను.

పెల్లి. పందిరి, బాజాలు. సన్నికల్లు మీద కాలెట్టింది మీ మామ్మ. పసుపు రాసిన పాదం, ఇంతే ఉండీది. ఎండి మెట్టె ఏలు మీదకి ఎక్కిస్తన్నాను, ఒంగేనా, సరిగ్గా అప్పుడు నడుం మీద సురుక్కుమన్నాది. సీమ! ఆ ఆశ్రమం సీమే. కొత్త పంచెలోకెలగొచ్చిందంతావా? పెల్లిలో జీలకర్రా బెల్లం ఎడతారు కదే! వాసన పట్టుకుని, నన్ను గుర్తుపట్టి, నది గట్టునించి నడిసొచ్చింది. అది కుట్టగానే నాకు పిడికిలి బిగుసుకుపోయి, మెట్టె నొక్కుకుపోయి ఒంకర తిరిగిపోనాది. మీ మామ్మ తలొంచుకునే, "ఒంగడమొచ్చిందిగానీ తొడగడం రానేదా బావా" అంది.

ఇప్పటికీ ఒంకరే అది. మీ నాన్న ఎన్ని జతలు కొన్నాడో, ఎడం కాలిది మార్చదు. ఎందుకే అంటే నవ్వుద్ది. పైగా ఊరందరికీ ఏటని సెప్తాదో తెలుసా? సీమా లేదు గీమా లేదు, ఆ ఏల నా సేతులు ఒణికేయంట. నాకా! ఎడ్లతో సహా బండెత్తినోడికి! గుంట పాదమట్టుకుంటే సేతులొణుకుతాయా?

ఆశ్రమం పోనాది, గురువుగారు పోనాడు, బుగతా పోనాడు. నా నడుం మల్లీ మొండికేసింది, ఈపాలి బెల్లం పెడదారంటే సుగరంట. సాచ్చికం ఆ ఒంకర మెట్టొక్కటే మిగిలింది.

లే. ఎల్లు లోపలికి. మీ మామ్మ ఎడం కాలు సూడు. మెట్టె ఒంకరగా లేకపోతే నానబద్దాలకోరునని ఆ ఫోన్లో సెప్పీ. ఉంటే మాత్రం, సీమ కుట్టనేదని రుజువు సెయ్యి సూద్దాం.