ఆయన చెవే కొలత

పాటల కోసం చెవుల్లో పెట్టుకున్న ఆ పుల్లలు తియ్యవే మనవరాలా, తీస్తేనే చెబుతాను. మా ప్రొఫెసర్ గారి సంగతేగా నువ్వడిగింది? ఇంజనీరుగా వచ్చి, మనిషికి ఎలా వినిపిస్తుందన్న చదువులో పడి, ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పాడు. ఆయన లాబరేటరీలో మెకానిక్‌ని నేను. అక్కడి నిశ్శబ్దపు గది నా చేతుల మీదుగా కట్టిందే. అందులో కూర్చుంటే ఎవరి రెప్పల చప్పుడు వాళ్లకే వినిపించేదంటే నమ్ము. సరే, నమ్మకు. గుండె చప్పుడు మాత్రం నిజంగానే వినిపించేది. ఇక ఆయన చెవంటావా, పక్క వీధిలో సూది పడితే అది ఏ నంబరు సూదో చెప్పేవాడని ఊరంతా చాటింది నేనే. పిల్లల వినికిడి చూసే మిషన్‌ని రోజూ పొద్దున్నే ఆ చెవితోనే సరిచేసేవాళ్లం. నేను డయలు తిప్పేవాణ్ణి, ఆయనకి వినిపించీ వినిపించనట్టు ఎక్కడ అనిపిస్తే అక్కడ సున్నా, పిల్లల చెవుల్ని కొలిచేది దాన్నించే. శబ్దం కొలిచే మీటరు కొందామని కుర్ర లెక్చరర్లు అంటే, మీటరు ఏనాడైనా విన్నదా అని నవ్వేసేవాడు. నేనూ వంతపాడేవాణ్ణి.

అలా ఉండగా ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ఏడాది కిందట ఆ పిల్లకి చెవులు భేషుగ్గా ఉన్నాయని మేమే కాగితం ఇచ్చాం. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. "మీ మిషన్ బాగున్నాయంటోందండీ. పిల్లకింకా మాట రాలేదు" అంది, అంతే. ఆయన ఆ రోజే ఎక్కణ్ణించో మీటరు అరువు తెప్పించి, గదిలోకెళ్లి కూర్చుని, వినిపిస్తే వేలెత్తుతానన్నాడు. సన్నటి కీచుధ్వని పెట్టాను. అద్దం ఇవతల నా హెడ్‌ఫోన్‌లో అది పళ్లు జివ్వుమనిపిస్తోంది. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని నాకేసి చూస్తున్నాడు. కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదేం?" అన్నాడు.

వయసుతోపాటు ఆయన చెవి మందగిస్తుంటే మా సున్నా కూడా పైకి జరుగుతూ పోయింది. సన్నటి శబ్దాలు వినపడని పిల్లలంతా పాసైపోయారు. ఆ ఏడే ఆయన డైరెక్టరు కావాల్సింది, వద్దని రాసిచ్చేశాడు. తప్పు తనదేనని జర్నల్లో అచ్చేయించాడు. పిల్లల్ని మళ్లీ తీసుకురమ్మని మూడొందల ఇళ్లకి స్వదస్తూరీతో ఉత్తరాలు. ఇందులో కోతల్లేవే, కవర్లు అంటించింది నేను. అంటిస్తుంటే అడిగాడు, "డయలు తిప్పింది నువ్వు. ఏటేటా పైకి పోతుంటే నీకు కనబడలేదా?"

కనబడింది. ఐదేళ్లుగా కనబడుతూనే ఉంది. ఊరంతా అన్ని గొప్పలు చెప్పాక, ఏ మొహం పెట్టుకుని...

ఆ కిటికీ రెక్క వెయ్యవే, గాలి కొడుతోంది.