మంత్రగత్తె నవ్వితేనే ముద్ద

కరెంటు పోయి టీవీ ఆగిపోయింది. ఏడాది పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకున్న కోడలు చేతిలో ముద్దతో అలాగే ఉండిపోయింది. ఎదురుగా అత్తగారు.

"అత్తయ్యా, వీడు మళ్ళీ నోరు బిగించేశాడండీ. పొద్దున్నుంచీ తిన్నది రెండు ముద్దలే."

"ఏదైనా పాట పాడవే."

"పాటకి తెరవడండీ. ఆ చేతబడి సినిమాలో మంత్రగత్తె ఇల్లదిరేలా నవ్వుతుంది చూడండి, అప్పుడే తెరుస్తాడు. నాకేమో అదంటే గుండె దడ. కళ్ళు మూసుకుని పెడుతున్నాను."

"అందుకేనా వాడి ముక్కు నిండా అన్నం! మరి ఇప్పుడెలా?"

"మీరు... కొంచెం నవ్వుతారా?"

"నేనా! మంత్రగత్తెలాగానా?"

"బక్కచిక్కిపోతున్నాడండీ వీడు."

"సరే. హిహిహీ."

"అలా కాదండీ. జుట్టు విరబోసుకోవాలి."

"సందు దొరికింది కదాని ఆడుకుంటున్నావే! ఇదిగో, ఈ పిన్నులు పట్టుకో. హహ్హహ్హహ్హా!"

"తెరిచాడండీ! మింగాడు కూడా! నాకే వణుకొచ్చింది అత్తయ్యా. మీరు ఆ సినిమాలే చూడరు కదా, ఇంత బాగా ఎలా వచ్చిందండీ?"

"సినిమా ఎందుకే? ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో రోజూ విన్నాను. మా అత్తగారి నవ్వది. ఊఁ, ఇంకో ముద్ద కలుపు. ఆవిడ మొదలుపెడితే ఒక పట్టాన ఆపేది కాదు."